మొదట అన్న మాట

నాకు కుళ్లు పుట్టింది. దాన్ని వేరే పేరుతో పిలిచి లాభం లేదు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నాకంటే చిన్నవాళ్లు ప్రమోషన్లు కొట్టుకుపోయారు, సస్పెండు కావలసినవాళ్లు మెడల్స్ తగిలించుకుని ఫొటోలు దిగారు. అప్పుడెప్పుడూ ఇంత ఏడవలేదు. భవ్య అనే ఇరవై ఏడేళ్ల ఎస్సై, తెనాలి పిల్ల, మూడు వారాల ట్రైనింగు నుంచి తిరిగొచ్చాకే నాకు అన్నం సహించడం మానేసింది.

నా పేరు పిచ్చయ్య. సత్తెనపల్లి నుంచి అమరావతి పోయే దారిలో ఒక స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌ని, స్టేషన్ రైటర్ని. రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు. ఫిర్యాదు రాసేది, ఎఫ్ఐఆర్ కట్టేది, సాక్షులు చెప్పింది కాగితం మీద పెట్టేది అతనే. సంతకం ఎస్సైది, రాత నాది. "నేను పై విలాసంలో కాపురం ఉంటూ కూలిపని చేసుకుని జీవిస్తుంటాను" అని మొదలుపెట్టానంటే "చదివి వినిపించగా సరిగా ఉన్నదని చెప్పినాను" దాకా పెన్ను ఎత్తను. సాక్షి చెప్పేదాంట్లో ముప్పాతిక సోది ఉంటుంది. ఆ సోదిలోంచి కేసుకు పనికొచ్చేది లాగాలంటే తాలు కాయల్లోంచి మంచి కాయ ఏరినట్టు ఏరాలి. అందులో నన్ను మించినవాడు ఈ సర్కిల్లో లేడు. "పిచ్చయ్య రాస్తే సాక్షి కూడా అదే చూశాననుకుంటాడు" అని పాత డీఎస్పీ గారు ఒకసారి నలుగురిలో అన్నారు. ఆ పొగడ్తను పదేళ్లు మోశాను. అందులో ఒక తిట్టు కూడా ఉందని ఈ మధ్యే తెలిసింది.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

ఫిబ్రవరి నెలాఖరు. మాకు ఎకరంన్నర మిరప ఉంది. నాకు డ్యూటీలతోనే సరిపోతుంది కాబట్టి కళ్లం దగ్గర ఉండేది మా ఆవిడ ప్రేమమ్మ. మా కళ్లానికి అవతల, మధ్యలో ఒక బండ్ల దారి, ఆ పక్కన మాబు సాహెబ్ గారి కళ్లం. డెబ్బై దాటిన మనిషి. కాయ ఆరబెట్టినన్నాళ్లూ మంచం కూడా అక్కడే వేసుకుంటాడు. ఆ రోజు మధ్యాహ్నం కూలీలు అన్నాలకు వెళ్లారు. ఒక ట్రాలీ ఆటో ఆయన కళ్లంలోకి వచ్చి ఆగింది. మొహానికి తువ్వాలు చుట్టుకున్న ఒకడు దిగి, కుట్టి పెట్టిన మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కిస్తున్నాడు. వ్యాపారి పంపిన బండి అనుకుని ప్రేమమ్మ తన పనిలో తను ఉంది. ఇంతలో నీళ్లకు వెళ్లిన మాబు సాహెబ్ వచ్చి "ఎవడ్రా నువ్వు?" అని బండికి అడ్డం పడ్డాడు. వాడు ఒక్క తోపు తోశాడు. పెద్దాయన తల కాటా రాయికి కొట్టుకుంది. బండి వెళ్లిపోయింది. ఆయన్ను గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చారు. ప్రాణం నిలబడింది గానీ మాట పడిపోయింది. చూసిన మనిషి మా ఆవిడ ఒక్కతే.

నేను కళ్లానికి వెళ్లేసరికి ప్రేమమ్మ తన నీడపట్టా కింద స్టూలు మీద కూర్చుని ఉంది. చేట కాళ్ల దగ్గర ఒలికి ఉంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"ఏవయ్యా, వాడికి ఒకటే తుమ్ములు. తుమ్ముతా తుమ్ముతా టిక్కీలు ఎత్తుతుంటే నేను నవ్వుకున్నా గూడా. ఎక్కడోడ్రా వీడు, మిరపకాయ ఎరగనోడు అని…"

"తుమ్ములు ఎవడికి కావాలే? బండి సంగతి చెప్పు. ఏ రంగు?" అని కసిరాను.

ఆమె నోరు మూతపడింది. దారి వైపు చూసి, "తెలుపనుకుంటా" అంది.

"పైన నీలం పట్టా ఉందా?"

"ఉందేమో."

"గఫూర్ బండేనా?"

"గఫూర్‌దీ అట్టాగే ఉంటది గదా."

గఫూర్ మా ఊళ్లో మిర్చి బస్తాలు తోలే మనిషి. అతనెందుకు తట్టాడంటే, అంతకు వారం ముందు అతని ట్రాలీ చక్రం మాబు సాహెబ్ ఆరబెట్టిన కాయ మీదికెక్కింది. ఇద్దరూ టీకొట్టు దగ్గర ఊరంతా వినేలా తిట్టుకున్నారు. ఆ పొద్దున నేను స్టేషనుకు వస్తుంటే అతని తెల్ల ట్రాలీ, నీలం పట్టా నాకు ఎదురొచ్చాయి కూడా. ఇంకేం కావాలి? అక్కడే ఫిర్యాదు రాశాను. "గఫూర్‌కు చెందిన తెలుపు రంగు ట్రాలీ ఆటో, నీలం రంగు పట్టా కప్పినది, స్పష్టముగా చూచినాను" అని రాసి రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె సంతకం పెట్టింది. భార్య ఫిర్యాదు భర్త రాయకూడదేమో అని ఒక్కరూ అనలేదు. భవ్య మేడం ట్రైనింగులో ఉంది. పక్క స్టేషన్ ఎస్సై ఇన్‌చార్జి. ఆయన సాయంత్రానికల్లా గఫూర్‌ని పట్టుకొచ్చాడు. "నేను పెదకాకాని దగ్గర టైరు పంక్చరై ఆగిపోయాను సార్, ఫోన్లో చార్జింగ్ లేదు" అన్నాడు గఫూర్. ముద్దాయిల ఫోన్లన్నిట్లోనూ సరిగ్గా అప్పుడే చార్జింగ్ అయిపోతుంది. రిమాండుకు పంపాం.

ఆ ఆదివారం మా ప్రార్థనా మందిరంలో ప్రేమమ్మ సాక్ష్యం చెప్పింది. మాలో అది ఉన్నదే. వారంలో దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో లేచి నలుగురిలో చెప్పుకుంటారు. దొంగ కంట పడకుండా ప్రభువు తనను ఎలా కాపాడాడో చెప్పింది. తెల్ల బండి, నీలం పట్టా, గఫూర్ అన్నీ వచ్చాయి. ఆడవాళ్లు "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. రెండో ఆదివారం పాస్టరు గారు మళ్లీ అడిగి చెప్పించారు. ఈసారి పట్టా అంచున చిరుగు కూడా వచ్చి చేరింది. మూడో ఆదివారానికి ఆమె కళ్లు మూసుకుని, తడబాటు లేకుండా చెప్పేసింది. మగవాళ్ల చాప మీద కూర్చుని నేను మీసం దువ్వుకున్నాను. అవన్నీ నా వాక్యాలు మరి.

అప్పుడు దిగింది భవ్య మేడం.

వచ్చిన రోజే ఫైలు అడిగింది. చదివి, "పిచ్చయ్య గారూ, టిక్కీలు దొరికాయా?" అంది.

"లేదు మేడం. అమ్మేసుంటాడు."

"ట్రాలీలో మిరపగింజ కూడా దొరకలేదని రాసి ఉంది?"

"కడిగేసుంటాడు మేడం."

ఆమె ఫైలు మూసి నా వైపు జరిపింది. అదే నాకు మండింది. తిడితే తిట్టించుకోవడం మాకు అలవాటు. ఇలా ఫైలు మూసి జరిపితే ఏం చెయ్యాలో తెలియదు.

మర్నాడు డీఎస్పీ గారు సబ్ డివిజన్‌లోని రైటర్లందరినీ పిలిపించి ఆమె చేత క్లాసు చెప్పించారు. నన్ను రెండో వరసలో కూర్చోబెట్టారు. సాక్షిని ఎలా అడగాలో నా కూతురు వయసు పిల్ల నాకు నేర్పుతోంది! "మనం ఆ చోట లేం, సాక్షి ఉన్నాడు. కాబట్టి మాట్లాడవలసింది అతను" అంది. "ముందు అతన్ని మనసులో ఆ చోటికి తీసుకెళ్లండి. ఎండ ఎలా ఉంది, ఏ వాసన వస్తోంది, ఏం తిన్నాడు, ఏ పనిలో ఉన్నాడు. తర్వాత చెప్పనివ్వండి. మధ్యలో ఆపొద్దు. చిన్న విషయమని వదలొద్దని చెప్పండి. తెలియకపోతే తెలియదనమని చెప్పండి. అయిపోయాక చివరినుంచి వెనక్కి చెప్పించండి. రంగు, పేరు, నంబరు మన నోటినుంచి ముందు రాకూడదు. వస్తే అది అతని తలలోకి పోయి కూర్చుంటుంది. తర్వాత అది తన కళ్లతో చూసిందో, మన దగ్గర విన్నదో అతనికే తెలియదు."

డీఎస్పీ గారు చప్పట్లు కొట్టారు. కొత్త ఒక వింత, పాత ఒక రోత. ముప్పై ఏళ్లుగా నేను పనిచేసిన స్టేషన్ల ప్రతి ఫైల్లోనూ నా రాత ఉంది, నాకు ఎవరైనా ఒక్కసారి చప్పట్లు కొట్టారా? బయటికొచ్చి టీ తాగుతూ పక్క స్టేషన్ రైటర్‌తో "ఇట్టా సోది వింటా కూచుంటే కేసులు పదేళ్లు పడతయ్యిరా" అన్నాను. అతను నవ్వాడు గానీ, ఆమె చెప్పింది చిన్న పుస్తకంలో రాసుకున్నాడని నేను చూశాను.

ఆ వారమే పిడుగు నా నెత్తిన పడింది. "ప్రేమమ్మ ఆంటీతో ఒకసారి మాట్లాడతాను" అంది మేడం. "స్టేషన్లో వద్దు, కళ్లంలో. అదే టైముకి."

"నేను రాశాను కదండీ."

"మీరు రాశారు. నేను వినాలి."

ఆమె ప్రయత్నం చెడిపోవాలని నేను కోరుకున్నాను. నిజం చెబుతున్నాను. మా ఆవిడ తెల్ల బండి, నీలం పట్టా అని గడగడా అప్పజెప్పాలి, ఈ పిల్ల ట్రైనింగంతా బూడిదలో పోసిన పన్నీరు కావాలి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. అయినా శపించాను.

మధ్యాహ్నం పన్నెండింటికి కళ్లానికి వెళ్లాం. మేడం యూనిఫాం వేసుకోలేదు. ప్రేమమ్మను అదే స్టూలు మీద కూర్చోమంది. చేతికి అదే చేట ఇప్పించింది, ముందు కాయ పోయించింది. నాతో "మీరు ఆమెకు కనపడకూడదు పిచ్చయ్య గారూ, ఆ టిక్కీల వెనక కూర్చోండి" అంది. నా కళ్లంలో, నా పెళ్లానికి నేను కనపడకూడదట! నోరు మూసుకుని టిక్కీల చాటుకు వెళ్లి బోర్లించిన ఖాళీ బుట్ట మీద కూలబడ్డాను. అక్కణ్ణుంచి మాటలు బాగానే వినపడుతున్నాయి.

"ఆంటీ, ఆ రోజు నేను లేను. మీరే ఉన్నారు. నాకేం తెలియదు. కాస్సేపు కళ్లు మూసుకోండి, ఇష్టమైతేనే. పొద్దున్నుంచి రండి. ఏం తిన్నారు?"

"చద్దన్నం, గోంగూర పచ్చడి తల్లీ."

తర్వాత నిశ్శబ్దం. ఆ పిల్ల అడగదేం? నా నాలుక దురద పెట్టింది. ఎంతసేపు గడిచిందో, ప్రేమమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. ఎండ ఎటు నుంచి పడుతోందో చెప్పింది. తాలు ఏరుతూ ఏ పాట పాడుకుంటోందో చెప్పింది. మాబు సాహెబ్ బిందె తీసుకుని వెళ్తూ "అమ్మా, ఓ కన్నేసి ఉంచు" అన్నాడట. ఆ మాట చెప్పి ఆమె ఏడ్చింది. ఆయన కన్నేసి ఉంచమన్నాడని నాకు తెలియదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మేడం ఓదార్చనూ లేదు, తొందర పెట్టనూ లేదు. ఏడుపు అయ్యేదాకా ఉంది.

"బండి వెనక్కి వచ్చింది. పాట మోగింది" అంది ప్రేమమ్మ. "వెనక్కొచ్చేప్పుడు మోగుతది చూడండి, టింగుటింగుమని. అవును! పాట మోగింది. గఫూర్ బండికి పాట లేదే?"

బుట్ట మీంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాను. మేడం మాత్రం ఒక్క మాట అనలేదు. ఎంత గింజుకుని ఉంటుందో!

ప్రేమమ్మ కళ్లు తెరిచి పైకి చూసినట్టుంది. "అమ్మాయ్, నీలం పట్టా ఇదిగో ఇక్కడ ఉంది. నా నెత్తి మీద. నేను దీని కింద కూచుని చూశా. ఆ బండి మీద పట్టా ఉందా అసలు? టిక్కీలు పైనుంచి వేస్తన్నాడు. పట్టా ఉంటే పైనుంచి ఎట్టా వేస్తాడు?"

చివరినుంచి వెనక్కి చెప్పించింది. మాబు సాహెబ్ పడిన చోట నిలబడి చూస్తే ఏం కనపడుతుందో ఊహించి చెప్పమంది. రంగు దగ్గరికి వచ్చేసరికి ప్రేమమ్మ ఆగిపోయింది. "తెలుపన్నాను. తెలుపు నేను చూశానో, మా ఆయన అన్నాడో… తెలీదమ్మా. అట్టా చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు ఆంటీ. తెలియదంటే తెలియదనే రాస్తాను."

"ఇంకోటేదో ఉంది. నోటిదాకా వస్తంది, రావట్లా. ఈయనొచ్చినప్పుడు ముందు అదే చెప్పా. ఏం చెప్పానో…"

"ఎవరికి చెప్పారు?"

"ఈయనకే. ఈయన్నే అడగండి."

నేను టిక్కీల వెనక ఉన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చొక్కా గుండీలు సర్దుకున్నాను. నాకు ప్రతి అక్షరం గుర్తుంది. వాడికి ఒకటే తుమ్ములు. ఎక్కడోడ్రా వీడు, మిరపకాయ ఎరగనోడు. గఫూర్ పన్నెండేళ్లుగా మిర్చి తోలుతున్నాడు. టిక్కీల మీద పడుకుని నిద్రపోతాడు. కాయ ఘాటుకి వాడు తుమ్మడం ఈ మండలంలో ఎవరూ చూసి ఉండరు.

మేడం నా వైపు వచ్చింది. "పిచ్చయ్య గారూ, మీకు గుర్తుందా? ఆంటీ మీతో మొదట ఏమన్నారు?"

చెబితే ఏమవుతుంది? కేసు ఆమెది. పేరు ఆమెది. మళ్లీ హాల్లో చప్పట్లు. రెండో వరసలో నేను. మా ఆవిడ చేత ముప్పై ఏళ్లలో నేను చెప్పించలేనిది ఒక్క మధ్యాహ్నంలో చెప్పించింది. మిగిలిన ఆ ఒక్క ముక్క నేనే పళ్లెంలో పెట్టి ఇవ్వాలా?

"గుర్తులేదు మేడం" అన్నాను. "ఏడుస్తా ఉంది, ఏదో అంది."

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో తెలియలేదు. "డీఎస్పీ గారు ఒక్క మాట అంటున్నారు. మొదటి ఫిర్యాదు ఒకలా, మూడు వారాల తర్వాత ఇంకోలా ఉంటే ఎస్సై నేర్పించిందని కోర్టులో అంటారు అని. ఆ రోజు ఆమె నోట మొదట వచ్చింది ఏమిటో తెలిస్తే బాగుండేది" అని వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చాక ప్రేమమ్మ మొహం వెలిగిపోతోంది. పెళ్లైన కొత్తలో కూడా నేను అంత వెలుగు చూడలేదు. "ఆ పిల్ల గంట సేపు మాట్లాడనిచ్చిందయ్యా. మధ్యలో ఒక్క మాటంటే ఒక్క మాట అడ్డం రాలా. ఎవరన్నా నా మాట అంతసేపు విన్నారా ఎప్పుడన్నా?" అంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదు. అన్నం కలుపుతూ కంచాన్ని కాస్త గట్టిగానే జరిపాను.

మర్నాడు నాకొక దుర్బుద్ధి పుట్టింది. ఆమె మరిచిపోయింది నా ఎదుటే, నా పద్ధతిలోనే ఆమెకు గుర్తొస్తే? అప్పుడు అది నేను రాబట్టినట్టే కదా. చిన్న పుస్తకంలో రాసుకున్న ఆ పక్క స్టేషన్ రైటర్‌కి ఫోన్ చేసి, ఏమీ ఎరగనట్టు మాటల్లో పెట్టి, వరస తెలుసుకున్నాను. సాయంత్రం వసారాలో చేటెడు కాయ పోసి ప్రేమమ్మను కూర్చోబెట్టాను.

"కళ్లు మూసుకో."

"ఎందుకయ్యా?"

"మూసుకోవే! పొద్దున ఏం తిన్నావు?"

"నిన్న ఆ పిల్లకి చెప్పా గదా, గోంగూ…"

"సరే, తర్వాత? బండి ఎటు నుంచి వచ్చింది? వాడి ఒడ్డూ పొడవూ? వాడు ఏమన్నా చేశాడా, అంటే చేతులతో, మొహంతో, ముక్కుతో?"

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసి పకపకా నవ్వింది. "నువ్వు అడగటం ఆపితే గదా నేను చెప్పేది!" అంది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఆ రోజు గూడా ఇట్టాగే కసిరావు. నేనేదో చెప్పబోయా. నువ్వు కసిరింది గుర్తుంది, నేనన్నది గుర్తు రావట్లా. ఏంటయ్యా అది? నీకు గుర్తుందా?"

మేడం అడిగినప్పుడు చెప్పినదానికంటే ఈ అబద్ధం బరువుగా ఉంది. అయినా చెప్పాను. "లేదే."

"పోన్లే. దేవుడు గుర్తు చేస్తాడు" అంది చేట ఎత్తుకుంటూ.

ఆ వారం రోజూ గఫూర్ భార్య నస్రత్ స్టేషన్ బెంచీ మీద కూర్చునే ఉంది. పొద్దున వస్తుంది, "సార్, ఏమన్నా తెలిసిందా?" అని అడుగుతుంది. ఆమె మాట పూర్తయ్యేలోపే నేను "తెలిస్తే కబురు చేస్తాంలే" అంటాను. ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ బాక్సు మధ్యాహ్నం అక్కడే విప్పి తింటుంది. సగం తిని మూత పెడుతుంది.

ఆదివారం వచ్చింది. పాస్టరు గారు "సాక్ష్యాలున్నవాళ్లు లేవండి" అన్నారు. ప్రేమమ్మ లేచింది. వెనక ఆడవాళ్లు తెల్ల బండి కోసం సర్దుకుని కూర్చున్నారు.

"మూడు వారాల నుంచి మీకు తెల్ల బండి, నీలం పట్టా అని చెప్పా. గఫూర్ అని గూడా చెప్పా. అయ్యి నేను చూశానో లేదో నాకు తెలవదు. దేవుడి ఇంట్లో నిలబడి తెలవనిది చెప్పా. నన్ను క్షమించండి" అంది. ఎవరూ స్తోత్రం అనలేదు. "ఆ పూట నేను మొదటగా ఒక మాట అన్నా. అది నాకు గుర్తు రావట్లా. అది గుర్తొస్తే ఆ అబ్బాయి ఇంటికొస్తాడేమో. అందరూ ప్రార్థన చెయ్యండి. దేవుడు నాకది గుర్తు చెయ్యాలని."

అందరూ తలలు వంచారు. యాభై మంది మోకాళ్ల మీద పడి, నా జేబులో ఉన్న మాట కోసం దేవుణ్ణి అడిగారు. నా పక్కన ఉన్న ముసలాయన నా చెయ్యి పట్టుకుని మరీ ప్రార్థించాడు. ఆ చెయ్యి వదిలించుకోలేక, ఆమెన్ అనలేక, నేను చాప నేతలో పుల్లలు లాగుతూ కూర్చున్నాను.

సోమవారం పొద్దున్నే మేడం గదిలోకి వెళ్లాను. నా కుర్చీ ఆమె పక్కన ఉంటుంది. దాంట్లో కూర్చోకుండా ఎదుటి కుర్చీ లాక్కున్నాను. అందులో సాక్షులు కూర్చుంటారు.

"నన్ను అడగండి మేడం."

"ఏం అడగాలి?"

"మా ఆవిడ మొదట ఏమన్నదో."

ఆమె తలుపు దగ్గరికి వేసింది. ఫోను సొరుగులో పెట్టింది. "నేను ఆ రోజు లేను పిచ్చయ్య గారూ, మీరున్నారు. కళ్లానికి వెళ్తున్నప్పటి నుంచి చెప్పండి. చిన్నదని ఏదీ వదలొద్దు. నేను మధ్యలో మాట్లాడను" అంది.

నిజంగానే మాట్లాడలేదు. ఒక ప్రశ్న వేస్తే దాన్ని పట్టుకుని తప్పించుకోవచ్చు. ఆమె వెయ్యలేదు. ఆ మౌనంలో నాకు బండి స్టాండు వేసిన చప్పుడు గుర్తొచ్చింది, ప్రేమమ్మ కాళ్ల దగ్గర ఒలికిన చేట గుర్తొచ్చింది, ఆమెకు నేను గుక్కెడు మంచినీళ్లైనా ఇవ్వలేదని గుర్తొచ్చింది. తుమ్ముల సంగతి చెప్పాను. నేనన్నదీ చెప్పాను, "తుమ్ములు ఎవడికి కావాలే" అని. తెలుపు, నీలం, గఫూర్, మూడూ ముందు నా నోటినుంచే వచ్చాయని చెప్పబోయి ఆగాను. తెలుపు ఆమె అంది. అది ఆమె మాటే. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె రాసుకుంటూ పోయింది.

అయిపోయింది. నేను లేవబోయాను.

"ఇంకేమైనా ఉందా?" అంది.

వేల మందిని కూర్చోబెట్టి రాశాను. ఈ ప్రశ్న ఒక్కరినీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి ఉంటుందని భయం.

"ఉంది మేడం. మొన్న కళ్లంలో మీరు అడిగినప్పుడే ఇదంతా నాకు గుర్తుంది. మీ మీద కుళ్లుతో చెప్పలేదు. మా ఆవిడ మీతో మాట్లాడినట్టు నాతో ఎప్పుడూ మాట్లాడలేదని కుళ్లు. మీకు చప్పట్లు కొట్టారని కుళ్లు. ఇంట్లో ఆమె అడిగితే ఆమెకూ అబద్ధం చెప్పాను. ఇదీ రాయండి."

ఆమె పెన్ను ఆగింది. "ఇది రాస్తే మీకు మెమో వస్తుంది."

"నాకు రాకపోతే ఇంకెవరికి రావాలి మేడం? నా మాటల్లోనే రాయండి. సదరు గిదరు పెట్టకండి."

రాసింది. ఆమె అక్షరం నా అక్షరంలో సగం కూడా లేదు, కోడి కెలికినట్టుంది. అది చూసి లోపల కాస్త సంతోషం కలిగింది, అదీ చెబుతున్నాను. చదివి వినిపించింది. అందులో అన్నీ ఉన్నాయి, తుమ్ములు, నేను కసిరింది, కుళ్లు. "సరిగా ఉందా?" అని అడిగింది. సరిగా ఉన్నదని చెప్పాను.

బయటికి వచ్చాను. బెంచీ మీంచి నస్రత్ లేచి నిలబడింది. "సార్, ఏమన్నా తెలిసిందా?" అంది. ఈసారి ఆమెను పూర్తిగా అడగనిచ్చాను.

"తెలిసిందమ్మా. దొంగకి మిరపఘాటు పడదు. టిక్కీలు ఎత్తినంతసేపూ వాడు తుమ్ముతూనే ఉన్నాడంట. మేడం కోర్టుకి కాగితం పంపుతోంది."

ఆమె మొహంలోకి ముందు నవ్వు వచ్చింది. "మా ఆయన తుమ్మటమా! మిరప బస్తా మీదే అన్నం తింటాడు సార్" అంది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది. గఫూర్ లోపలికి వెళ్లి ఆ పొద్దుటికి ఇరవై ఏడు రోజులు.

"ఈ తుమ్ముల సంగతి ఎప్పుడు తెలిసింది సార్?"

నిన్న తెలిసిందనవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. తలుపు అవతల మేడం వింటోందో లేదో నాకు తెలియదు.

"మొదటి రోజే" అన్నాను.

నస్రత్ టిఫిన్ బాక్సు తీసుకుని, బెంచీకి ఆ చివరికి జరిగి కూర్చుంది.